చెరువుకి పోసే ఊపిరి

ఆ రాత్రి కరెంటు పోయింది.
సంతబొమ్మాళి అవతల మా రొయ్యల చెరువులో
ఏరేటర్లు ఒక్కసారే మూగబోయాయి.
డీజిలు లేదు.
రొయ్యలు గట్టువారకి చేరి
మీసాలతో నీటి పైపొరని గీరుతుంటే
టార్చిలైటు పట్టుకుని కూర్మారావు అన్నాడు:
"ఊపిరాడతన్లేదురా ఈటికి."

ఊపిరి మా దగ్గర క్యాన్లలో ఉంటుంది.
నీలం క్యాను. దాని మీద పేరు రాసిన కాగితం
తడిసి సగం ఊడిపోయింది,
యాభై శాతం అన్న అంకె మాత్రం మిగిలింది.
అంత బరువు మోస్తూ గట్టంతా తిరగలేక
నేనే
కూల్‌డ్రింకు సీసాలోకి కొంత వొంపుకున్నాను.
వేలికి తగిలిన చోట సున్నం రాసినట్టు తెల్లబడింది,
చురుక్కుమంది.
లుంగీకి తుడుచుకున్నాను.

క్యాను మూతకి చిన్న కన్నం ఉంటుంది,
లోపలిది ఎప్పుడూ గాలి వదుల్తూనే ఉంటుందని.
సీసా మూతకి లేదు.

చూస్తే నీళ్ళే.
చీకట్లో, దాహంతో, చెయ్యి చాచినవాడికి
మరీ నీళ్ళు.
మూత తిప్పితే బుస్సుమందట.
"సోడా కామాల అనుకున్నాను" అని
చాలా రోజుల తర్వాత చెప్పాడు.

ఒక్కటే గుక్క.

నోటినిండా నురగ.
తుడిస్తే మళ్ళీ నురగ, తుడిస్తే కొంచెం ఎర్రగా.
పొట్ట డప్పులా బిగిసింది.
"మందు తాగీసినాడు, మందు తాగీసినాడు" అని పాకల్లోంచి జనం.
ఉప్పునీళ్ళ చెంబుతో ఒక ముసలాయన.
నేను దవడ పట్టుకున్నాను కక్కించడానికి.

ఫోనులో 108 కుర్రాడు తవిటినాయుడు అరిచాడు:
"కక్కించీకండి!
కాల్సుకుంటా లోపలికెల్లింది,
మల్లీ కాల్సుకుంటానే బయటికొస్తాది.
మింగగలిగితే రెండు గుక్కలు మంచినీలు, అంతే.
పక్కకి తిప్పి పడుకోబెట్టండి.
ఆ సీసా పారీకండి, తెండి."

టెక్కలి ఆసుపత్రిలో సీసాని లైటుకెదురుగా పెట్టి చూసి
డాక్టరమ్మ అంది: దీనికి విరుగుడు లేదు.
పాముకి ఉంది. పురుగుమందుకి ఉంది.
దీనికి, కనిపెట్టుకుని కూర్చోవడమే.

ఒంట్లో తడి తగిలితే చాలు
నీరుగా, గాలిగా విడిపోతుందట.
ఒక గుక్కలో చిన్న బిందెడు గాలి.
దారి దొరక్క నెత్తుట్లోకి దూరుతుంది.
శ్రీకాకుళంలో తీసిన స్కానులో
కార్జం నిండా నల్లటి కొమ్మలు, రెమ్మలు.
అవన్నీ బుడగలే అన్నారు.
ఒకటి తలకెక్కింది.
ఎడమచెయ్యి మంచం మీంచి జారి
వేలాడుతూ ఉండిపోయింది.

గాలి ఎక్కువై పడిపోయినవాడి ముక్కుకి
మళ్ళీ గాలే పెట్టారు.
నాకు అర్థం కాలేదు.
విశాఖ పంపారు. అక్కడ ఇనప గదిలో తలుపు బిగించి
సముద్రం అడుగున ఉన్నంత ఒత్తిడి పెడితే
బుడగలు నలిగి నలిగి కరిగిపోతాయట.
ముప్పై ఏళ్ళు సముద్రం మీద వల లాగినవాడు,
అడుగెప్పుడూ చూళ్ళేదు.
"సెవులు గుయ్యిమన్నాయిరా" అన్నాడు,
"గంగమ్మ పక్కనే కూకున్నట్టుంది."

గొంతులోకి గొట్టం వేసి చూశారు.
పొట్టగోడకి వెల్ల వేసినట్టుందట.
కారం లేదు, పులుపు లేదు.
చల్లారిన చోడి అంబలి.

రొయ్యలు బతికాయి.
ఆ రాత్రే, అంబులెన్సు దీపం తోటల్లో కనుమరుగయ్యాక
మిగిలిన క్యాను ఎవరో చెరువులో పోశారు.
పంట దక్కింది అన్నాడు యజమాని,
ఆసుపత్రి ఖర్చులో సగం ఇచ్చాడు.

ఇప్పుడు పాకలో ప్రతి క్యాను మీదా
ఎర్ర పెయింటుతో నేను రాసిన అక్షరాలు:
తాగీకండి. సీసాల్లో పోసీకండి.
వంకర అక్షరాలు.

నిన్న గ్లాసు నోటికందిస్తుంటే,
ఎడమచెయ్యి ఇంకా పట్టు చిక్కలేదు వాడికి,
మెల్లగా అడిగాడు:
"ఆ సీసాలో ఎవులు పోసినారురా?"

ఇంకో గుక్క తాగు, అన్నాను.

గ్లాసు వంక చూశాడు.
నా వంక చూశాడు.
తాగాడు.