దొంగ ఆచూకీ

బ్రాడీపేట రెండో లైన్లో
కుట్టుమిషన్ల షాపు మెట్ల కింద
మస్తాన్‌వలి గారి అద్దె పుస్తకాలు.
రోజుకి పది పైసలు,
నూనె మరక పడితే ఇంకో ఐదు.

అందులో జర్మనీ దొంగ ఒకడు.
చీపురంత గడ్డం, బానపొట్ట,
అడవిలో గుహ, గుహకి తాళం,
తాళంచెవి ఎక్కడ పెట్టాడో వాడికే గుర్తుండదు.
తన గుహకి తానే కన్నం వేసుకునే దొంగ!

ఎవరో పుణ్యాత్ముడు తెలుగులోకి దించుతూ దించుతూ
వాడి చేతిలో జొన్నరొట్టె పెట్టాడు,
"ఒరేయ్ సన్నాసీ" అని తిట్టించాడు.
దాంతో వాడు నాకు
పట్నంబజార్లో బస్తాలు మోసే
మా కోటిలింగం బాబాయిలాగే కనిపించాడు.

ఆఖరి పేజీకి పోలీసులొచ్చారు.
మొదటి వాక్యంలోనే బేడీలు.
రెండోది నేను చదవలేదు.
వంటింట్లో అమ్మ కారం దంచుతోంది.
ఆ రోకటి చప్పుడులో కలిపి
పరక్కున పేజీ చించేశాను.

పుస్తకం తిరిగిచ్చిన రోజు
మస్తాన్‌వలి గారు కళ్లజోడు నుదుటికెత్తి
ఆఖర్న వేలితో తడిమారు.
నా చెవులు కాలిపోతున్నాయి.
ఏమీ అనలేదాయన.
మైదా జిగురుతో తెల్లకాగితం ఒకటి అంటించి
పచ్చసిరాతో రాశారు:
"దొంగ తప్పించుకున్నాడు.
చూసినవారు ఈ దిగువన తెలుపగలరు."

ఇక చూడాలి!
"తెనాలి ప్యాసింజర్లో. టికెట్ లేదు."
"మిర్చియార్డులో బస్తా ఎత్తుకెళ్తూ
ఇరవై ఏడు తుమ్ములు తుమ్మాడు. లెక్కపెట్టాను."
"ఓవర్‌బ్రిడ్జి కింద పునుగులు తిని
డబ్బులివ్వకుండా పారిపోయాడు,
చట్నీ కోసం మళ్లీ వచ్చి దొరికిపోయాడు."
"మా లెక్కల మాస్టారే వాడు. గడ్డం గీయించుకున్నాడు."
దాని కింద ఎర్రసిరా:
"తప్పు. ఇట్లు, లెక్కల మాస్టారు."

కాగితం నిండితే ఇంకోటి అంటించేవారు.
కథ కంటే ఆచూకీలు లావయ్యాయి.
నేను మాత్రం ఏమీ రాయలేదు.
వారం వారం అద్దెకి తెచ్చుకుని చదివేవాణ్ణి,
జరిమానా కడుతున్నట్టు.

ఓ ఆదివారం, అన్నిటికన్నా కింద,
పెన్సిలుతో, వంకర వరసలో,
'బ'కి కూడా తలకట్టు పెట్టే
మా చెల్లి ఫణిరత్నం చేతిరాత:

"మా ఇంట్లోనే ఉన్నాడు.
బియ్యం డబ్బా కింద, నాలుగు మడతలేసుకుని.
పడుకున్నాడు.
లేపకండి."