షట్టరు గది

మిర్యాలగూడల మిల్లు ఎనక
తౌడు బస్తాలేసిన షట్టరు గది.
ఏం పెడ్తవన్నడు ఓనరు.
పసిపిల్లల్ని చూస్కుంటనంటే నవ్విండు:
"అదిగూడ ఒక దందేనా!"

మూడుసార్లు కడిగిన. వాసన పోలే.
క్యాలెండర్ ఎనక లెక్క రాసిన:
రెండు చాపలు, నాలుగు చీర ఉయ్యాలలు,
ఫిల్టరు నీళ్ల క్యాను
(బోరు నీళ్లకు నా పండ్లే సాక్ష్యం),
పిల్లకు దినానికి ముప్పై.
పదిమందొస్తే కిరాయెల్తది.
నా కూలి ఏ గీతమీద రాయాల్నో తెల్వలే.

సోమారం ఒక్క సైదమ్మ వచ్చింది,
సంకల కొడుకు.
"ఏడిస్తే షట్టరు కొట్టక్కా,
మిల్లు చప్పుడుల గూడ నాకినబడ్తది."

వాడు ఏడ్వలే.
తౌడు వాసనకు
తల్లి కొంగే అనుకున్నడేమో,
నా భుజం మీద పండుకున్నడు.

నాలుగోసారి కడుగుదామని తెచ్చిన ఫినాయిలు
మూత తియ్యలే.