కప్పు సప్పుడు

మా ఊళ్ళో ఆరడుగులు తవ్వితే నీళ్ళు.
సమాధి గుంటలో కూడా ముందు నీళ్ళు తోడాలి.
అలాంటి నేల మీద,
అమలాపురంలో ఎరువుల కొట్టు పై వాటాలో,
యూరియా వాసనేసే మెట్లెక్కి వచ్చి
తొమ్మిది నెలలుగా బొగ్గుగని తవ్వుతున్నాను
రెండు కంప్యూటర్లతో.

మూడొందల మీటర్ల లోతు.
ఒక అంకె మారిస్తే నాలుగొందలు.
చెమట పట్టదు, చేతికి మసి అంటదు.
పొగ రాయడం నూకరత్నం పని.
వాళ్ళమ్మ కొబ్బరిడొక్కల పొయ్యి ముందు కూర్చుని
ఎటు వంగుతుందో నోటుబుక్కులో గీసుకొచ్చింది.
నాది చీకటి.
తేలికనుకున్నాను, అన్నీ సున్నాలు పెడితే చాలని.

మార్చిలో ఐదుగురొచ్చారు ఎగువ నుంచి,
బొగ్గు ఊళ్ళ నుంచి,
రావులపాలెంలో అరటిగెలల మధ్య బస్సు మారి.
కెప్టెన్ ఓదెలు. మోచేతి మీద నీలం మచ్చ,
గాయం మానినా చర్మం కింద ఉండిపోయిన బొగ్గు.
"ఇరవై తొమ్మిదేండ్లు బాయిల దిగిన బిడ్డా."
వాళ్ళకు బాయి అంటే గని.
ఎగువన పొడిగా పలికిన మాట
మా దాకా వచ్చేసరికి తడిసిపోయింది.

హెడ్‌సెట్ పెట్టాను.
పదడుగుల గదిలో, టేబుల్ ఫ్యాన్ గాలిలో
ఆయన వంగి నడిచాడు.
కప్పు ఎంత ఎత్తులో పెట్టానో చూడకముందే వంగాడు.
నాలుగడుగులేసి ఆగి
చేతిలో లేని కర్ర ఎత్తి, లేని కప్పును తట్టాడు.
మళ్ళీ తట్టాడు.
"సప్పుడేది?"

"కప్పు కూలేముందు చెప్తది.
గట్టిదైతే గంట లెక్క మోగుతది.
పాడైందైతే డొల్లగ, ఇంట్ల ఎవరు లేనట్టు.
అది ఇనకుండ నా పోరగాళ్ళను
ఎట్ల తోల్కపోవాలె దీని కిందికి?"

రాయి రాశాను, రాతికి పగుళ్ళు రాశాను,
విషవాయువు శాతం రాశాను.
చెవి రాయలేదు.

తెల్లారి అంబాజీపేట.
కాయల రాశి ముందు గొంతుక్కూర్చున్న గుత్తుల భద్రం గారు
రెండేసి కాయలు తాటించి
చూడకుండానే అటొకటి ఇటొకటి విసురుతున్నారు.
మైకు దగ్గర పెట్టాను.
"ఇది నిండు కాయండి. ఇది కురిడీ. ఇదిగో ఇదీ,
పైకి బానే ఉంటాది, లోపల పోయిందండి. ఆయ్."
టంగు. టొక్కు. బొద్దు.
ఎందుకమ్మా అన్నారు. చెప్పాను.
"అంత లోతు మనుషులు దిగుతారాండి?" అని
కాసేపు ఏ కాయా తట్టలేదు.

మధ్యాహ్నం ఓదెలు మళ్ళీ తట్టాడు.
మూడో చోట చెయ్యి గాల్లో ఆగిపోయింది.
"గిది. గిదే."
వెనక్కి చెయ్యూపి నలుగుర్నీ గోడవారకు జరిపాడు,
నలుగురూ కుర్చీల్లో ఉన్నారని మరిచి.

ఆ తర్వాత పొగ.
పొగలో పడిపోయిన మనిషి, ఏడు గజాల దూరం.
ఆక్సిజన్ సూది ఎర్రగీత మీదికొస్తే వెనక్కి తిరగాలి,
ఎదురుగా ఎవరున్నా సరే.
ఆ నియమం ఆయన చెప్పిందే, నేను రాసిందే.
సూది వచ్చింది.
ఓదెలు తిరగలేదు.
తెర మీద తెల్లటి అక్షరాలు: కెప్టెన్ మృతి.

టీ అడిగాడు. తాగలేదు.
"మల్ల పెట్టు."
ఏడుసార్లు పెట్టాను, ఏడుసార్లూ అక్కడే.
ఎనిమిదోసారి తిరిగాడు.
వచ్చిన దారంతా కప్పు తట్టుకుంటూ వచ్చాడు,
ఒక్క అడుగూ వదలకుండా.

కళ్ళు తుడుచుకోలేదు. ఫ్యాన్ వైపు మొహం పెట్టి
ఆరిందాకా కూర్చున్నాడు.
"వాని మొకం తీసెయ్ బిడ్డా. బోర్ల పండాలె.
పేరు కూడ వద్దు."
పేరేం పెట్టలేదండీ, అన్నాను.
ఆయన బూట్ల లేసు కట్టుకుంటున్నాడు.

రాత్రి ఇంటికెళ్తే
కరెంటు లేదు. బోరింగు దగ్గర అమ్మ బిందె పడుతోంది.
చీకట్లో వేలి కణుపుతో బిందెను తట్టాను.
నీళ్ళు పెరిగేకొద్దీ ఇంకోసారి, ఇంకోసారి.
అమ్మ ఇటు చూడనేలేదు.
"ఇంకా రెండు చెంబులు పడతాయి," అంది.