డబ్బా అడుగున

మూడో వారం. మంగళవారం క్లినిక్.
నాకంటే ముందే వచ్చి నిలబడింది జెలగాట్.
కోటు చేతులు రెండేసి మడతలు,
జేబులో మూడు పెన్నులు, రాసేది ఒక్కటే.
రాత్రంతా ఎల్డొరెట్‌లో వాన,
ఆమె బూట్లకి ఇంకా ఎర్రమట్టి.

బల్ల మీద పెద్దాయన చెప్‌క్వోనీ,
ఒళ్లో తుప్పు పట్టిన కోకో డబ్బా.
జెలగాట్ మాత్రల్ని ట్రేలో పోసి
ఐదేసి చొప్పున జరిపింది, బియ్యంలో రాళ్లేరినట్టు.
ముప్పైలో ఎనిమిది మిగిలాయి.
ఇచ్చి ఇరవై రెండు రోజులు.
"లెక్క సరిపోయింది మేడమ్.
సరిగ్గానే వేసుకుంటున్నారు. అయినా బీపీ దిగట్లేదు.
మోతాదు రెట్టింపు చేయమని డాక్టరుగారికి రాయనా?"

అప్పటికే రాసేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు.

నేను ఏమీ అనలేదు.
ఖాళీ డబ్బా తీసి ఆమె ముందు వంచాను.
అడుగున తెల్లటి పొడి,
సుద్దముక్క గీరినంత.

చాలాసేపు చూసింది.
మాత్రలు వాటంతట అవి అరగవు కదా
అని తనలో తనే అనుకుంది, నాకు వినబడేలా.

వాళ్ల భాష నాకు రాదు.
అడగాల్సింది ఆమే.
పరీక్షల గొంతు పక్కన పెట్టి
ఇంట్లో గొంతుతో, మోకాళ్ల మీద కూర్చుని అడిగింది.
ఆయన గోడ వంక చూస్తూ చెప్పాడు:
ఆకుకూర తరిగే కత్తితో, రోజూ పొద్దున.
సగం తనకి. సగం తాప్‌కిగెన్‌కి.
ఆమెకీ ఇదే జబ్బు,
వ్యానుకి ఛార్జీ మాత్రం ఒక్కరికే.

ఇరవై రెండు రోజులు, ఇరవై రెండు మాత్రలు.
లెక్క ఎక్కడా తప్పలేదు.

జెలగాట్ రాసింది కొట్టేసింది,
కాగితం చిరిగేంత గట్టిగా.
నేనూ ఒకప్పుడు ఇలాగే ఎంచి
రెట్టింపు చేయమని రాశాను.
డబ్బా వంచి చూపేవాళ్లు నా పక్కన లేరు.
ఆ పేరు ఆమెకి చెప్పలేదు. చెబుతాను, ఆఖరి వారంలో.

"ఒకే చీటీ మీద ఇద్దరి పేర్లు రాయొచ్చా మేడమ్?"
"కూడదు. ఆవిడకి కొత్త ఫైలు తెరువు.
శుక్రవారం నర్సు వాళ్ల ఊరి వైపే వెళ్తుంది,
బీపీ మిషనుతో నువ్వూ ఎక్కు."

మధ్యాహ్నం ఆమె మార్కుల కాగితం నా ముందుకొచ్చింది.
'రోగితో సంభాషణ: ఐదుకి ఎంత?'
రాయబోతే నా పెన్ను మొండికేసింది.
జెలగాట్ జేబులోంచి ఒకటి తీసి ఇచ్చింది,
రాయని రెండింటిలో ఒకటి.