కాటా చీటీ

జూన్ నెల, బంగారుపాళ్యం.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా
తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిద్రపోతా ఉండాయి.
షట్టర్ సగం దించినాక వచ్చింది మొగిలమ్మ.
చంకలో బిడ్డ,
పిడికిట్లో ఆరువందల యాభై మాత్ర
పంటితో కొరికిన సగం.

"నేనేసుకునేదేలేక్కా. చిన్నబిడ్డ గదా, అర చాలు గదా?"

ఇంకా వెయ్యలేదు గదా మొగిలీ?
నువ్వు సగం చేసింది మాత్రని.
ఈ బిడ్డ నీలో సగం కాదు.

తూకం చూద్దామంటే నా షాపు మిషను ముల్లు
మొన్నటి నుంచి నలభై దగ్గరే ఇరుక్కోనుంది.
ఎదురు మండీలో అన్వర్ కాటా.
టవలు పరిచి, మామిడి ట్రేలో కూర్చోబెట్టినాం మోక్షితని.
సొన వాసనకి ముక్కు చిట్లించింది,
అంత జ్వరంలోనూ ట్రే అంచు కొరకబోయింది.
ట్రే బరువు తీసేసి, వేలంపాట గొంతుతో
అరిచినాడు అన్వర్:
"ఎనిమిదీ రెండొందలు!"

అంతే.
మందు కలిసే కుండ ఇంతే.
దాన్ని విరిచి సాగనంపాల్సిన కాలేయం
తొమ్మిది నెలల కిందటే పనిలో చేరింది,
ఇంకా చెయ్యి తిరగలేదు.
మూత్రపిండాలు ఇప్పుడిప్పుడే వడపోత నేర్చుకుంటా ఉండాయి.
నీ అర మాత్ర
రెండున్నర మంది మోక్షితలకి సరిపోయే మందు.

ఇదంతా గడగడా చెప్తాను గానీ,
పందొమ్మిదేళ్ళ కింద, షాపు తెరిచిన కొత్తల్లో,
యాదమరి నుంచి వచ్చినాయనెవరికో
"పిల్లోడే గదన్నా, సగం విరిచెయ్" అన్నదాన్ని నేనే.
చిల్లర మాత్రం పైసాతో సహా లెక్కబెట్టి ఇచ్చినా.
మాత్ర పేరు గుర్తుంది.
పిల్లోడి పేరు అడగలేదు.
బరువు అడగలేదు.
ఆయన మళ్ళీ రాలేదు. బాగైనందుకే రాలేదని
అప్పుడప్పుడూ నాకు నేనే చెప్పుకుంటా.

సీసా ఊపి, లేబులు రెండుసార్లు చదివి,
సిరంజిలో అయిదో గీత దాకా లాగి
చెంప లోపలికి, మెల్లగా.
ఉమ్మేస్తుందేమోనని ముగ్గురం ఊపిరి బిగబట్టినాం.
మింగింది. మింగి, ఏడ్చింది.
ఆరు గంటల దాకా మళ్ళీ వద్దు,
తెల్లారినాక డాక్టరుకి చూపించు, అన్నాను.

అలవాటు కొద్దీ అన్వర్ చీటీ రాసినాడు.
రైతు: మొగిలమ్మ.
రకం దగ్గర రవంత ఆలోచించి: మోక్షిత.
బరువు: 8.200.
ధర దగ్గర పెన్ను ఆగింది.
అడ్డంగా ఒక గీత గీసినాడు.

ఆ చీటీని సీసాకి చుట్టి
రబ్బరు బ్యాండు వేసి ఇచ్చినాను.