టోకెన్ నంబరు రెండు

మూడు నెలలు వీడియోల ఆయన ఏం కొడితే
నేనూ గదే కొట్టిన.
ఆయన పూలదుకాణం తెరుసుకుంటే
నాదీ తెరుసుకుంది.
అవే పూలు, అదే ధర.

ఇయ్యాల వీడియో బంద్ వెట్టిన.
ఖాళీ ఫైలు.
కర్సరు మినుకు మినుకుమంటది
ఏం గావాలె నీకు, అన్నట్టు.

మిర్యాలగూడల మిల్లు గేటు కాడ
వడ్ల ట్రాక్టర్ల వరుస.
ఎవల టోకెన్ ఎప్పుడో
చెప్పే పేజీ, అంతే.

రాత్రి రెండింటికి నిలబడ్డది.
పొద్దుగాల ఫోన్ల చూసి సైదులు నవ్విండు:
"ఒకటి, పది, పదకొండు... గప్పుడు రెండా?
నాది రెండు బిడ్డా,
నన్నెందుకు ఎన్కకు నూకినవ్?"

గీ తప్పు ఏ వీడియోల లేదు.
ట్రాలీ అంచు మీద కూసొని
ల్యాప్‌టాప్ తెరిసిన.
కీబోర్డు సందుల్ల వడ్ల దుమ్ము.
సైదులు పక్కనే నిలబడి
వేళ్ల మీద లెక్కవెడుతుండు.