వచ్చకు

బొమ్మూరులో ట్రైనింగప్పుడు నోట్సు రాసుకున్నాను,
అట్ట చిరిగిన పుస్తకంలో, నీలం సిరాతో.
ఒకాయన అంటాడు: పిల్ల చిలక లాంటిది,
విన్నది పలుకుతుంది,
జామపండు పెడితే మళ్ళీ పలుకుతుంది.
ఇంకొకాయన కాదంటాడు:
వ్యాకరణం కొబ్బరికాయలో నీళ్ళ లాంటిది,
ఎవరూ పోయరు.
పరీక్షలో రెండూ రాశాను. పదికి ఆరొచ్చాయి.

ఇరవై రెండేళ్ళయింది.
అంతర్వేది దారిలో, రొయ్యల చెరువుల మధ్య
ఒకే గది బడి నాది.

వంట చేసే సత్యవేణి కొడుక్కి మూడేళ్ళు.
"వచ్చకు, నా దగ్గరికి వచ్చకు"
అని కుక్కపిల్లను అదిలిస్తాడు.
రాకు అనాలిరా అంటే వినడు.
ఈ లంకలో ఏ నోరూ అనని మాట అది.
వచ్చాడు, వచ్చింది, వచ్చారు
విని విని వాడు వేసుకున్న లెక్క.
లెక్క సరైనదే. తెలుగే తప్పింది.
నా నోట్సులోంచి చిలక ఎగిరిపోయింది.

మరి ఝిలీ?
గంజాం నుంచి చెరువు కాపలాకొచ్చిన బైధరొ కూతురు,
ఆరేళ్ళది. ఐదు నెలలు నోరు విప్పలేదు.
పలక చూపించాను, అరటిపండు చూపించాను,
కిటికీ, కాకి, నా చెప్పు.
చూసేది. అంతే.
మూగదేమో, డాక్టరుకి చూపించమన్నారు ఎవరో.
రాత్రిళ్ళు గట్టు మీద వాళ్ళమ్మతో మాత్రం
రేకుల మీద వానలా మాట్లాడేదట.

శ్రావణంలో ఒకరోజు, అన్నాల వేళ,
"గుడ్డు తింటావా?" అన్నాను,
జవాబు కోసం కాదు, అలవాటుకొద్దీ.
"ఆయ్" అంది.
సాగదీసి, చివర కొంచెం పైకెత్తి,
అచ్చం రేవులో పంటు నడిపే మా చిన్నాన్నలా.
ఏ వాచకంలోనూ లేని మాట.
ఇన్‌స్పెక్షన్ రోజున పిల్లల చేత నేనే మానిపించే మాట.

వాళ్ళ నాన్నకి నలభై మాటలొచ్చు.
మేత, బస్తా, వల, కౌంటు, ఏరియేటరు,
కరెంటు పోయింది,
డబ్బులు రేపు.
ఆ చివరిది షావుకారు వారం వారం వల్లె వేయిస్తాడు.
నలభై దగ్గరే ఆగిపోయాడు బైధరొ.
వయసు దాటితే కిటికీ మూసుకుంటుందని ఉంది నోట్సులో.
అవతల నుంచి గడియ ఎవరు పెట్టారో లేదు.

సంజుక్త గుమ్మంలో నిలబడి అడుగుతుంది:
"ఝిలీ తిన్నాడు, టీచర్?"
వాళ్ళ మాటలో ఆడకీ మగకీ ఒకటే క్రియట.
కూతురు దిద్దుతుంది, నాలాగే చూపుడువేలు ఎత్తి.

నేనూ దిద్దించుకుందామని కూర్చున్నాను.
ఇంటిని మీరేమంటారు?
"ఘొరొ."
ఘర.
"ఊహూఁ. ఘొరొ."
ఊదుగొట్టం పట్టుకున్నట్టు పెదాలు చుట్టి చూపించింది.
నలభై ఏడేళ్ళ నా నోరు
'అ' దగ్గరే తెరుచుకుని ఉండిపోయింది.
తల్లీకూతుళ్ళు గోడకి జేరబడి నవ్వారు.
మరీ అంత నవ్వక్కర్లేదు.

నిన్న చెరువు పట్టుబడి అయింది.
ఇంక ఊరెళ్ళిపోతారా అన్నాను.
"మేము వెళ్తాం," అంది ఝిలీ. ఆగింది.
"మన బడికి సెలవులిచ్చాక."

మేము. మన.
రెంటికీ ఒకటే మాటట వాళ్ళకి.
ఈ తేడా నేనెప్పుడూ చెప్పలేదు,
ఎలా చెప్పాలో నాకే తెలీదు.
ఆ 'మన'లో ఎవరెవరం ఉన్నామో లెక్కపెట్టుకుంటూ
గదికి తాళం వేశాను.

మెట్ల మీద సత్యవేణి కొడుకు
కుక్కపిల్లకి వేలు చూపిస్తున్నాడు:
వచ్చకు, వచ్చకు.
అది తోకాడిస్తూ వస్తూనే ఉంది.